రోగి మనసులోని మాట – వైద్యుని బాధ్యత

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. బి.పి., షుగరు గురించి చెబుతానని మీరు అనుకుని ఉంటారు. అవి మీ డాక్టర్లు ఎలాగూ చెబుతారు. ప్రభుత్వాసుపత్రుల్లో ముప్పైయేళ్లకు పైగా పనిచేసినవాడిగా, వార్డుల్లో ఎవరూ పెద్దగా ఎత్తని విషయం ఒకటి మీ ముందు పెడతాను.

జబ్బుపడిన మనిషికి ఒంట్లో నొప్పితోపాటు మనసులో ప్రశ్నలు పుడతాయి. "ఏ పాపం చేశానని నాకీ రోగం?" "దేవుడు నన్నెందుకు వదిలేశాడు?" "ఇంకా ఎందుకీ బతుకు?" వీటిని కనిపెట్టడానికి రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. మరి ఇవి వైద్యుడికి సంబంధించినవేనా? సంబంధించినవేనని నా అభిప్రాయం. అయితే ఎంతవరకు అన్నది ఆలోచించాలి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. చరకసంహితలో చికిత్స మూడు విధాలని చెప్పారు. మంత్రం, పూజ, ఉపవాసం వంటివాటితో కూడినది దైవవ్యపాశ్రయం. ఆహారం, ఔషధాలతో చేసేది యుక్తివ్యపాశ్రయం. మనసును చెడు నుంచి మళ్లించి నిలబెట్టేది సత్త్వావజయం. శరీరాన్నీ మనసునూ విడదీసి చూడకూడదని వారికి తెలుసు.

ఆధునిక వైద్యంలో ఈ మాటను గట్టిగా చెప్పినవారు సిసిలీ సాండర్స్. ఆమె మొదట నర్సు, తరువాత ఆసుపత్రి సామాజిక కార్యకర్త, ఆపైన డాక్టరు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ స్థాపించారు. చివరిదశ రోగి నొప్పిలో శారీరకం, మానసికం, సామాజికం, ఆధ్యాత్మికం అని నాలుగు పాళ్లున్నాయనీ, ఒక్కదానికే మందిస్తే నొప్పి పూర్తిగా తీరదనీ ఆమె చెప్పారు. ఆమె గట్టి క్రైస్తవ విశ్వాసి. అయినా అన్ని మతాలవారికీ, ఏ మతమూ లేనివారికీ అక్కడ చోటుండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఉపశమన వైద్యానికి ఇచ్చిన నిర్వచనంలో ఆధ్యాత్మిక బాధలను కూడా చేర్చింది. మన దేశంలో 1993లో కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో మొదలైన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ క్లినిక్ ఈ దారిలో చెప్పుకోదగ్గ కృషి చేసింది.

ఇదంతా చివరిదశ రోగులకే అనుకోకండి. ఒక పెద్దావిడ ఇచ్చిన క్యాప్సూళ్లను మింగకుండా దిండు కింద దాచేవారు. కేసు షీటులో "సహకరించడం లేదు" అని రాసి ఉంది. పక్కన కూర్చుని "ఎందుకమ్మా?" అని అడిగాను. క్యాప్సూల్ తొడుగు జంతువుల ఎముకలతో చేస్తారని ఎవరో చెప్పారట; పుట్టి బుద్ధెరిగి నీచు ముట్టనిదాన్ని అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. సాధారణంగా ఆ తొడుగు చేసే జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మాల నుంచే వస్తుంది. అదే మందు మాత్ర రూపంలో రాశాను. ఆమె సక్రమంగా వేసుకున్నారు. ఒక్క ప్రశ్నతో తీరిపోయిన చిక్కు అది.

ఇలాంటివి రోజూ ఉంటాయి. ఏకాదశి ఉపవాసం చేస్తూ ఇన్సులిన్‌గానీ, గ్లిమిపిరైడ్ వంటి షుగరు మాత్రగానీ మామూలుగా వేసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరు కోప్పడతాడని రోగి ఉపవాసం సంగతి దాచిపెడతాడు. అడిగే డాక్టరైతే మోతాదు మారుస్తాడు, లేదా ఎందుకు వద్దో నచ్చజెబుతాడు. రంజాన్ ఉపవాసం విషయంలో రోగులకు ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది. "ఇమాంగారిని కూడా ఒకమాట అడగండి" అంటే రోగికి ధైర్యం వస్తుంది. ఎం.ఆర్.ఐ.కి ముందు మంగళసూత్రం తీయమంటే మన ఇళ్లలో ఆడవాళ్లు ఎంత కంగారుపడతారో మీకు తెలుసు. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని లోపలికి వెళ్లవచ్చని ముందే చెబితే ఆ కంగారు ఉండదు.

మరి జవాబు లేని ప్రశ్నల సంగతి? కాలేయం పూర్తిగా చెడిన ఒకాయన "నేనేం పాపం చేశాను డాక్టరుగారూ?" అని అడిగారు. పాపమేమీ లేదని తోసిపుచ్చలేదు, కర్మఫలమని అంతకంటే అనలేదు. "మీకేమనిపిస్తోంది?" అన్నాను. అరగంట మాట్లాడారు. తమ్ముడితో ఆస్తి తగాదా, పదేళ్లుగా మాటల్లేకపోవడం అన్నీ చెప్పారు. భార్యతో చెప్పి ఆ తమ్ముడికి కబురు పంపించాం. ఆయన జబ్బు తగ్గలేదు. కానీ అన్నదమ్ములు మాట్లాడుకున్నారు.

ఇక్కడ వైద్యుడు దాటకూడని గీతలు కూడా ఉన్నాయి. వైద్యుడు పురోహితుడు కాడు, పాస్టరు కాడు, మౌల్వీ కాడు. తన విశ్వాసాన్నిగానీ అవిశ్వాసాన్నిగానీ మంచం మీదున్న మనిషిపై రుద్దకూడదు. దేవుడి పేరు చెప్పి లేని ఆశ కల్పించకూడదు. నొప్పి తగ్గించే మందు ఇవ్వకుండా ఓదార్పు మాటలతో సరిపెట్టడం అంతకన్నా తప్పు. ఆయన పని అడగడం, వినడం, రోగి కోరిన పెద్దను పిలిపించడం, తులసితీర్థం పోసే వేళకు కుటుంబాన్ని లోపలికి రానివ్వడం.

డాక్టర్లకు తీరిక లేదంటారు. నిజమే, ఓ.పి.లో వందమంది ఉంటే కష్టమే. అందుకే మన వంతు మనం చేయాలి. మీ వ్రతాలు, ఉపవాసాలు, తినకూడనివి డాక్టరుకు ముందే చెప్పండి. ఐ.సి.యు.లో గొట్టాల మధ్య ఉండాలా, ఇంట్లో మనవాళ్ల మధ్య ఉండాలా అన్నది ఒంట్లో ఓపికుండగానే పిల్లలతో మాట్లాడండి. నయమయ్యే ఆశ లేనప్పుడు ఏ చికిత్స వద్దో ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసి, నోటరీగానీ గెజిటెడ్ అధికారిగానీ ధ్రువీకరిస్తే చాలని చెప్పింది.

మన సభ్యులెవరైనా ఆసుపత్రిలో ఉంటే పండ్లు పెట్టి వచ్చేయకుండా కాసేపు కూర్చుని వాళ్ల మాట వినండి. సలహాలు చెప్పనక్కరలేదు. ఆ పనికి ఏ డిగ్రీ అక్కరలేదు.