కంప్యూటరు ప్రోగ్రాము: లోపములు, దిద్దుబాటు

గోదావరిలో ప్రాణహిత వచ్చి కలియు చోట కాళేశ్వర క్షేత్రమున్నది. ఒకే పానవట్టముపై రెండు లింగములున్న ఆలయమది. శ్రీశైలము, ద్రాక్షారామములతో పాటు త్రిలింగ క్షేత్రములలో ఒకటిగా దీనిని లెక్కింతురు. 2022 ఏప్రిలులో ప్రాణహిత పుష్కరములు, 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములు ఇచట జరిగినవి. పుష్కరములు లేని నాడును శివరాత్రికి, కార్తికమునకు జనము వచ్చుచునే ఉందురు. నదిలో దిగువారికి, ఒడ్డున కాపురమున్నవారికి నీరు ఎంత ఎత్తున ఉన్నదో, పెరుగుచున్నదో తగ్గుచున్నదో తెలిసి తీరవలెను. పూర్వము ఈ మాట కొలబద్ద వద్ద నిలిచిన మనిషి చెప్పెడివాడు. నేడు అతని ప్రక్కన కంప్యూటరు కూడ చేరినది. మనిషి తడబడినచో ఎదుటివాడు ముఖము చూచి శంకించును. కంప్యూటరుకు ముఖము లేదు. తప్పునైనను ఒప్పునైనను ఒకే ధైర్యముతో చెప్పును. కనుక దానిచేత పని చేయించు ప్రోగ్రామును అప్పుడప్పుడు విప్పి చూచుట అవసరము. ఆ పరీక్ష ఎట్లు చేయవలెను, దొరకిన లోపములను ఏ వరుసలో దిద్దవలెను అనునది నేటి విషయము.

ఒక చిన్న ఉదాహరణను ఊహింతము. మహదేవపురము ప్రాంతపు విద్యార్థులిద్దరు కలిసి ఒక ప్రోగ్రాము వ్రాసిరనుకొందము. అది గంటకొక పర్యాయము నీటిమట్టమును తీసికొని, ప్రమాద సూచికలతో పోల్చి, స్నానఘట్టముల వద్దనున్న స్వచ్ఛంద సేవకుల ఫోనులకు తెలుగులో సందేశము పంపును. మొత్తము ఆరు వందల పంక్తులు. ఒక వర్షకాలమంతయు చక్కగా నడచినది. “పని చేయుచున్నది గదా, ఇక చూడవలసినదేమున్నది?” అని ఎవరికైనను తోచును.

కాళేశ్వరమునకు దిగువనున్న మేడిగడ్డ బ్యారేజి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలదు. ఎనుబది యైదు గేట్లు గల ఆ కట్టడము 2019 జూన్ 21న ప్రారంభమైనది. 2023 అక్టోబరు 21న దాని ఏడవ బ్లాకులో స్తంభములు క్రుంగినవి. పరిశీలించిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ ప్రణాళికలోను, రూపకల్పనలోను, నాణ్యతా నియంత్రణలోను, నిర్వహణలోను లోపములున్నవని తన నివేదికలో చెప్పినది. పైకి గేట్లు లేచుచు దిగుచున్నంత మాత్రమున పునాది క్రింద ఇసుక నిలుకడగా ఉన్నదనుటకు వీలులేదు. ప్రోగ్రాము విషయమును అంతియే. అయితే మనకొక సౌకర్యమున్నది. బ్యారేజి పునాది చూడవలెనన్న నీటిని వదలవలెను, అడ్డుకట్టలు వేయవలెను. ప్రోగ్రాము పునాదిని ఏ సాయంకాలమైనను కూర్చుండి చదువవచ్చును.

చదువగా మొట్టమొదట కనబడునవి పేర్లు. నీటిమట్టమునకు “క”, నిన్నటి మట్టమునకు “క2”, సూచికకు “తాత్కాలికము” అని పేర్లు పెట్టియుందురు. వ్రాసిన నాడు వ్రాసినవారికి అర్థమగును. ఆరు నెలలు గడచిన పిమ్మట వారికే అర్థము కాదు. తరువాత అంకెలు. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులు చేరినచో మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ప్రోగ్రాములో 43 అను అంకెను అయిదు చోట్ల ప్రత్యేకముగా వ్రాసియున్నచో, రేపు మార్పు వచ్చినపుడు నాలుగు చోట్ల మార్చి అయిదవది మరచుట సహజము. ఆ అంకెకు “మొదటి హెచ్చరిక” అని పేరు పెట్టి ఒకే చోట ఉంచినచో ఈ బెడద తీరును. ఒకే లెక్కను మూడు చోట్ల వ్రాయుటయు ఇట్టి దోషమే.

అంతకన్న గడుసైనది కొలతల దోషము. కాళేశ్వరము వద్ద మట్టమును మీటర్లలో చెప్పుట, భద్రాచలము వద్ద అడుగులలో చెప్పుట మనకు వాడుక. రెండును ప్రోగ్రాములోనికి వట్టి అంకెలుగానే వచ్చును. ఏది మీటరో ఏది అడుగో అంకె నుదుట వ్రాసియుండదు. ఇది పల్లెటూరి పొరపాటని చులకన చేయరాదు. అమెరికావారు అంగారకునికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న నష్టమగుటకు కారణమిదియే. ఒక ప్రోగ్రాము బ్రిటిషు కొలతలలో లెక్క చెప్పగా, దానిని అందుకొన్నది మెట్రిక్ కొలతయని భావించినది. దీనికి మందు సులభము: ప్రతి పేరులోను కొలతను చేర్చవలెను, అంకె లోనికి వచ్చు గుమ్మము వద్దనే మీటర్లలోనికి మార్చివేయవలెను, లోపల ఎక్కడను అడుగుల ప్రసక్తి ఉండరాదు.

ఇక అన్నిటికన్న భయంకరమైన లోపమొకటి కలదు. అది సున్న. కొలిచెడి పరికరము నుండి సమాచారము రానపుడు ఏమి చేయవలెనని ప్రోగ్రాము వ్రాసినవారు ఆలోచింపలేదు; ఆ స్థానమున సున్న వేసికొనుమని వ్రాసి ముందుకు సాగిరి. ఎండకాలమున దానివలన నష్టము లేదు. వరద రాత్రి పరికరము కొట్టుకొని పోయినది, లేక కరెంటు పోయినది. ప్రోగ్రాము సున్నను చూచినది. సున్న మొదటి హెచ్చరికకన్న తక్కువ గదా! “నది ప్రశాంతముగా ఉన్నది” అని ఘట్టమునకు సందేశము పంపినది. తెలియకపోవుటకు, ఏమియు లేకపోవుటకు నడుమనున్న భేదమును గుర్తింపని ప్రోగ్రాము, సరిగా ప్రాణాపాయ సమయముననే అబద్ధమాడును. “సమాచారము రాలేదు, మనిషిని పంపి చూడుడు” అని చెప్పునట్లు దీనిని దిద్దవలెను. వంద లోపములు దొరకినను మొదట దిద్దవలసినది ఇది. ఏ లోపము మనిషికి హాని చేయునో అది ముందు, ఏది చదువరికి చికాకు కలిగించునో అది వెనుక.

తెలుగులో పనిచేయు ప్రోగ్రాములకు మరి రెండు పరీక్షలు అదనము. ఆంగ్లాక్షరములతో ఒక ఎస్.ఎం.ఎస్.లో 160 అక్షరములు పట్టును. తెలుగులో 70 మాత్రమే. అందును గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడిగా లెక్కకు వచ్చును. దీని నెరుగని ప్రోగ్రాము హెచ్చరికను సగములో త్రుంచివేయవచ్చును. రెండవది మన లిపి సంయుక్తాక్షరములు. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అను అక్షరము, లోపల కంటికి కనబడని విడదీయు గుర్తుతో కూడి వచ్చినపుడు, దానిని చూపబోయిన ఐఫోను అప్లికేషనులు కుప్పకూలినవి. ఆ నెల 19న ఆపిల్ సంస్థ 11.2.6 కూర్పును విడుదల చేసి ఆ లోపమును సవరించినది. అంత పెద్ద సంస్థకే దాగిన లోపము ఒక్క తెలుగక్షరమున బయటపడినది. మన భాషలో పరీక్షింపవలసిన పనిని ఇతరులకు విడిచిపెట్టరాదని దీని తాత్పర్యము.

లోపములు తెలిసినవి. ఇక మరమ్మతు. “ఇదంతయు పారవేసి క్రొత్తగా వ్రాసికొందము” అని యువకులకు ఉత్సాహము పుట్టును. ఆ పని చేసినచో పాత లోపములతోపాటు పాత ప్రోగ్రాము నేర్చిన మంచి కూడ పోవును. ముందు చేయవలసినది పరీక్షలు వ్రాయుట. 42.9 అడుగులు ఇచ్చినచో ఏమనును? సరిగా 43 ఇచ్చినచో? 2022 జూలై 16న భద్రాచలము చూచిన 71.3 అడుగులు, 1986 ఆగస్టులో చూచిన 75.6 అడుగులు ఇచ్చినచో? ఏమియు ఇవ్వకున్నచో? అంకెకు బదులు అక్షరము వచ్చినచో? ప్రతి ప్రశ్నకు రావలసిన జవాబును ముందే వ్రాసియుంచి, మార్పు చేసిన ప్రతిసారి అన్నిటిని తిరిగి అడుగవలెను. తరువాత ఒక్కొక్క లోపమును విడిగా దిద్దవలెను. దిద్దుబాటుతో క్రొత్త హంగులను కలుపరాదు. ప్రతి మార్పుకు ముందు ప్రతిని భద్రపరచవలెను. దీనికై 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ అను సాధనము ఉచితముగా దొరకును.

లోపములను యంత్రముచేతనే వెదకించు పద్ధతియు కలదు. 1978లో బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ లింట్ అను ప్రోగ్రామును వ్రాసెను. అది ఇతర ప్రోగ్రాములను చదివి అనుమానాస్పదమైన తావులను చూపును. ఇప్పుడు ప్రతి భాషకు అట్టి సాధనములున్నవి. వాడని పేర్లు, చేరలేని పంక్తులు అవి పట్టుకొనును. కాని సున్న అబద్ధమాడుచున్నదని అవి చెప్పలేవు. నది సంగతి వానికి తెలియదు. దానికి రెండవ మనిషి కన్ను కావలెను. రేడియోలో చదువబోవు వార్తను వ్రాసినవారు కాక వేరొకరు చూచిన పిమ్మటనే మైకు ముందుకు పంపుట మాకు అలవాటు. వ్రాసినవాడు తాను వ్రాయదలచినదానిని చదువును. రెండవవాడు వ్రాసియున్నదానిని చదువును. ప్రోగ్రామునకు ఇంతకన్న మంచి పరీక్ష లేదు. పై ఉదాహరణలో ఆ రెండవ మనిషి ఘట్టము వద్ద సేవకుడైనను కావచ్చును. “సమాచారము రాకపోయినచో ఇది ఏమనును?” అను ప్రశ్న అడుగుటకు ప్రోగ్రాము విద్య అక్కరలేదు.

దిద్దకుండ వాయిదా వేసిన లోపములను 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ అను నిపుణుడు అప్పుతో పోల్చెను. రైతు కుటుంబములకు ఈ పోలికను వివరింపనక్కరలేదు. అప్పు చేయుట తప్పు కాదు. తొందరలో పని గడుపుకొనవచ్చును. వడ్డీని మరచుటయే ముప్పు. ఆ వడ్డీని తరచుగా అప్పు చేసినవారు కట్టరు. ఉదాహరణలోని విద్యార్థులిద్దరు చదువు ముగించి హైదరాబాదులో ఉద్యోగములకు పోవుదురు. ప్రోగ్రాము మాత్రము మూడవవాని చేతిలో, మరియొక వర్షకాలమున, మరియొక వరదకు ఎదురుగా నిలుచును. స్నానమునకు దిగిన యాత్రికుడు ఆ ఆరు వందల పంక్తులను ఎన్నడును చూడడు. ఒడ్డున నిలిచి పిలుచు సేవకుని కేకను మాత్రమే వినును. ఆ కేక వేళకు వినబడవలెనన్నచో, తొలకరికి ముందే ఆ పంక్తులను తెరచి, సున్న దగ్గర మొదలుపెట్టి, చదువవలెను.