గాలి నిలవని తుపాకీ
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

విశ్రాంత జీవితంలో చేతికి పని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. పాత పంపు గాలి తుపాకీ మరమ్మతు గురించి మనవి చేస్తాను.

అమెరికాలో మా అబ్బాయి ఇంట ఆరు నెలలున్నాను. అక్కడ పాత సామాన్ల అమ్మకంలో వాడికి షెరిడాన్ గాలి తుపాకీ ఒకటి చవకగా దొరికింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ పట్టణంలో 1947 నుంచి ఆ పేరుతో తుపాకులు తయారయ్యాయి. పంపు కొడితే గాలి నిలవదని అమ్మినవారు ముందే చెప్పారు. అది తయారీ లోపం కాదు. ఏళ్ళు గడిచి లోపలి రబ్బరు గట్టిపడింది, అంతే.

ఈ తుపాకీ మన పంపు స్టవ్వుకు చుట్టమే. బారెల్ కింద ఇత్తడి గొట్టం, అందులో వాషరు తొడిగిన పిస్టను ఉంటాయి. ముందు చెక్కను తెరిచి మూసినప్పుడల్లా గాలి ఒక వాల్వు గుండా చిన్న గదిలోకి చేరుతుంది. ట్రిగ్గరు నొక్కితే లోపలి సుత్తి రెండో వాల్వును కొడుతుంది. ఆ గాలి గుండును తోస్తుంది.

ఫైలు కదలకపోతే ఏ సీటు దగ్గర ఆగిందో మొదట చూసేవాళ్ళం కదా! ఇక్కడా అంతే. పంపు కొట్టేటప్పుడు చేతికి బరువు తెలియకపోతే లోపం పిస్టను వాషరుది. మూసిన చెక్క తనంతట తాను వెనక్కి తన్నుకొస్తే మొదటి వాల్వుది. బారెల్ మూతి దగ్గర బుస్సుమని వినిపిస్తే రెండో వాల్వుది. మాకు దొరికినదానిలో చెక్క వెనక్కి తన్నుకొచ్చింది. కొత్త సీళ్ళు తెప్పించి వేశాం. గాలి నిలిచింది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. విప్పేముందు గుండు లేదని చూసుకుని, మూతిని క్షేమమైన వైపు ఉంచి, లోపలి గాలి వదలాలి. గాలి ఉండగా విప్పితే ముక్కలు ఎగిరి కన్ను పోవచ్చు. ఎనిమిది పంపులు మించకూడదు. మించితే లోపలి ఒత్తిడికి వాల్వు బిగుసుకుపోతుంది, సుత్తి దాన్ని తెరవలేదు. అప్పుడు ట్రిగ్గరు నొక్కినా చప్పుడు రాదు, గాలి మాత్రం లోపలే ఉంటుంది. చప్పుడు రాలేదు కనుక ఖాళీ అనుకోవడమే అసలు ప్రమాదం. బారెల్‌ను గొట్టానికి టంకంతో అతికిస్తారు కనుక వేడి తగలనీయరాదు.

మా మనవడికి పద్నాలుగేళ్ళు. తుపాకీ చూడగానే ఉడుతల మీద గురిపెడతానన్నాడు. ముందు నాతో కూర్చుని విప్పి బిగించమన్నాను. మూడు సాయంత్రాలు కూర్చున్నాడు. లోపల గాలి ఎంత బలంగా బిగిసి ఉంటుందో చేత్తో తెలుసుకున్నాక వాడే కాగితం మీద గుండ్రాలు గీసి గోడకు అంటించాడు. ఉడుతల మాట మళ్ళీ ఎత్తలేదు.

తుపాకీని అక్కడే వదిలి వచ్చాను. దాని బోరు 5 మిల్లీమీటర్లు. మన ఆయుధ నిబంధనలు, 2016 ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు మించితే లైసెన్సు కావాలి.

మీ ఇంట్లోనూ పాత పంపు స్టవ్వో, పెట్రోమాక్స్ లైటో అటక మీద ఉండే ఉంటుంది. కిందికి దించండి, పక్కన మనవడినో మనవరాలినో కూర్చోబెట్టుకోండి.