తూము తెరిచే ముందు చేప సంగతీ మాట్లాడుకుందాం

(చెరువు ఆయకట్టు రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



చెరువు నీళ్ల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నీళ్ల గురించే మాట్లాడతాను, కానీ చేప వైపు నుంచి. యాసంగి చివరికొచ్చేసరికి మన ఊళ్లలో గొడవ మొదలయ్యేది తూము దగ్గరే. వరి పొట్ట మీదుంది, ఇంకో తడి ఇవ్వండని రైతు అడుగుతాడు. ఇక నీళ్లు తీస్తే చేపలు చస్తాయని మత్స్యకారుడు అడ్డం పడతాడు. ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరికీ అప్పులున్నాయి. మధ్యలో లాభపడేది దళారి.

తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి. 2016-17 నుంచి ప్రభుత్వం వీటిలో ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం పెట్టింది. ఏడాదంతా నీళ్లుండే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు, కొన్ని నెలలే నిండే కుంటలకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు అని లెక్క. ఏటా ఎందుకు వదలాలి? బొచ్చె, రవ్వ, మోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి పారే వరద నీరు కావాలి. కాబట్టి వదిలిన పిల్లే మనకు పంట. మత్తడి దుంకే రోజుల్లో వదిలితే ఆ పంట కూడా వాగుపాలే.

వానాకాలంలో వేసిన పిల్ల చలికాలంలో నెమ్మదిగా పెరుగుతుంది. ఎండలు ముదిరి నీరు వేడెక్కాక మేత బాగా తిని బరువెక్కుతుంది. సరిగ్గా అప్పుడే మనం చెరువు ఖాళీ చేస్తాం. ఎదగని చేపను వల వేసి తీయక తప్పదు. చుట్టుపక్కల చెరువులన్నీ ఒకే వారం పడితే వ్యాపారి చెప్పిందే ధర.

నీరు మోకాలి లోతుకు దిగితే ఇంకో ప్రమాదం. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే నీటిలో ప్రాణవాయువు చాలడం లేదని అర్థం. అది చూసిన రోజే కొంత చేప తీసి గుంపు పలచన చేయాలి. రెండు రోజులు ఆగితే మిగిలేది కంపే.

కొర్రమీను దారి వేరు. అది గాలి కూడా పీల్చుకుంటుంది, బురదలోనూ బతుకుతుంది, మన చెరువులోనే పిల్లల్ని పెడుతుంది. ఎర్రటి పిల్లల గుంపు కింద తల్లీతండ్రీ కాపలా తిరుగుతుంటాయి. ఆ గుంపు దగ్గర గాలం వేస్తే పెద్దచేప సులువుగా చిక్కుతుంది. కానీ కాపలా పోయిన పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి. ఒక పూట కూర కోసం వచ్చే ఏటి కొర్రమీనును పోగొట్టుకున్నట్టే. మన పిల్లలకు ఈ మాట చెప్పాలి.

మందు కలిపి, తోటాలు పేల్చి చేపలు పట్టడం చట్టం ప్రకారమే నేరం. ఆ నీళ్లే మన గొడ్లు తాగుతాయి. పురుగుమందు డబ్బాలు, స్ప్రేయర్లు చెరువులో కడిగే మన అలవాటు కూడా ఆగాలి. ఇందులో తప్పు మత్స్యకారుడిది కాదు, మనదే.

అందుకే మూడు పనులు చేద్దాం.

ఒకటి: యాసంగి నార్లు పోయకముందే ఆయకట్టు రైతులు, మత్స్య సహకార సంఘం, నీరటి కలిసి కూర్చోవాలి. ఎన్ని ఎకరాలకు నీళ్లు, ఏ మెట్టు దాకా తీయాలి అన్నది కాగితం మీద రాసుకోవాలి. ఆ గుర్తు తూము గోడ మీద రంగుతో వేయాలి.

రెండు: నీళ్లు తక్కువున్న ఏడు వరి తగ్గించి ఆరుతడి పంటలు వేయాలి. చేప మిగులుతుంది, మన పొలమూ చివరి తడికి ఎండదు.

మూడు: పిల్లలు సకాలంలో, చెప్పిన సైజులో, లెక్క చూపించి ఇవ్వాలని రెండు సంఘాలూ కలిసి అడగాలి. లారీ వచ్చిన రోజు గట్టు మీద రైతు కూడా నిలబడాలి.

నీరు పంచుకోవడం వస్తే దళారికి మన మధ్య చోటుండదు. ఈ యాసంగికి మీ ఊరి తూము గోడ మీద ఆ గుర్తు పడాలి.