జకాత్ సొమ్ము, అప్పుల్లో ఉన్న ఇల్లు

(ఒంటిమిట్టలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పేద కుటుంబానికి నేరుగా నగదు అందితే దాని బ్రతుకులో ఏమి మారుతుందన్నది నేటి విషయం. జవాబు కోసం దూరం పోనక్కరలేదు. మన రాష్ట్రంలో ప్రతి నెల మొదట్లో వృద్ధులకు, వితంతువులకు ఇంటి వద్దనే పింఛను అందుతున్నది. 2024 జూలై 1న అది 3,000 రూపాయల నుండి 4,000కు పెరిగింది. అంతకు ముందు మూడు నెలల పెంపును కూడా కలిపి ఆనాడు 7,000 రూపాయలు చేతికిచ్చారు. ఆ సొమ్ము తప్పక వస్తుందన్న నమ్మకమే దానికి సగం విలువ. ఆ నమ్మకం ఉన్న ముసలితల్లి మందుబిళ్ళల కోసం కొడుకు ముందు చేయి చాచదు. కొట్టువాడు ఆమెకు సరుకులు అరువివ్వడానికి వెనుకాడడు.

అయితే ఈ పింఛను వయసులో ఉన్న కూలీ దంపతులకు రాదు. 2019లో మొదలైన పి.ఎం. కిసాన్ ఏటా 6,000 రూపాయలు ఇస్తున్నది గాని, అది సొంత భూమి ఉన్న రైతు కుటుంబానికి మాత్రమే. మనలో పరుపులు కుట్టేవారు, పండ్ల బండి తోసేవారు, పంక్చరు కొట్టు నడిపేవారు, తోటల్లో కూలికి పోయేవారు ఎందరో ఉన్నారు. వారికి పట్టాదారు పుస్తకం ఎక్కడిది? ఆ ఇండ్లను అణగదొక్కుతున్నది అప్పు. ఒక ఆపరేషనుకో, ఆడబిడ్డ పెండ్లికో, వాన మొహం చాటేసిన ఏట తిండిగింజలకో చేసిన అప్పు.

ఒక లెక్క వేద్దాం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 30,000 రూపాయలు తెచ్చిన ఇల్లు నెలకు 900 రూపాయలు వడ్డీగా కట్టాలి. ఏడాదికి 10,800. మూడేండ్లలో కట్టిన వడ్డీయే 32,400 అవుతుంది. అసలులో ఒక్క రూపాయి కూడా తరగదు. వడ్డీని హరాం అని నమ్మే మనం, మన పొరుగువాడు ఆ వడ్డీలోనే మునిగిపోతుంటే చూస్తూ ఊరకుంటున్నాం.

దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ వాక్యం జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. వారిలో నిరుపేదలతో పాటు రుణగ్రస్తులు కూడా ఉన్నారు. జకాత్ సొమ్మును అర్హునికి సొంతం చేయాలని ఫిఖ్హ్ పండితులు చెబుతారు. దానినే తమ్లీక్ అంటారు. మరి మనం ఏమి చేస్తున్నాం? రంజాన్ రాగానే బియ్యం, నూనె, చక్కెర, సేమియా, ఖర్జూరాలు ఒక సంచిలో కట్టి పంచి, ఫోటో తీసుకుంటున్నాం. ఒక్కొక్క సంచి 1,500 రూపాయలనుకుంటే, ఇరవై సంచుల ఖర్చు 30,000. పండుగ దాటేసరికి ఆ ఇరవై సంచులూ ఖాళీ అవుతాయి. అదే మొత్తం ఒక రుణగ్రస్తుని చేతిలో పెడితే, ఒక ఇల్లు నెల నెలా 900 రూపాయలు మిగుల్చుకుంటుంది.

ఇమాం బేగ్ పేరిట ఉన్న బావి గురించి ఈ ఊరివారికి నేను చెప్పవలసిన పని లేదు. కోదండరాముని గుడికి నీటి కరువు ఉండకూడదని నవాబు ప్రతినిధి అయిన ఆ ముస్లిం దానిని త్రవ్వించాడని పెద్దలు చెబుతారు. నాలుగు కడవల నీళ్ళు పోయించి ఆయన తన పని అయిందనుకోలేదు. రేపటికీ ఎల్లుండికీ నీళ్ళు ఉండేటట్లు చూశాడు. మన దానంలోనూ ఆ చూపు ఉండాలి.

“మరి మిగిలిన పందొమ్మిది ఇండ్ల మాటేమిటి?” అని మీరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. పండుగనాటి తిండికి ఫిత్రా ఉన్నది, సదఖా ఉన్నది. వాటిని ఆపమని నేను అనడం లేదు. జకాత్ సొమ్ములో ఒక భాగాన్ని ప్రతి ఏటా రుణవిముక్తికి ప్రత్యేకించి, ఒక్కొక్క ఇంటిని వరుసగా బయటపడేద్దామంటున్నాను.

“చేతికి డబ్బిస్తే తగలేస్తారు” అన్నది మరొక అనుమానం. మధ్యప్రదేశ్‌లో 2011-12 కాలంలో సేవా సంస్థ, యూనిసెఫ్ సహాయంతో, కొన్ని గ్రామాలలో ఏ షరతూ లేకుండా ప్రతి మనిషికీ నెల నెలా నగదు ఇచ్చి చూసింది. మొదట పెద్దలకు 200 రూపాయలు, పిల్లలకు 100. ఆ సొమ్ము త్రాగుడు పాలు కాలేదు. కుటుంబాల తిండి మెరుగుపడింది, పిల్లల చదువు మెరుగుపడింది, అప్పు తీర్చుకునే శక్తి పెరిగింది. పేదవానికి తన ఇంటి అవసరం మనకంటే బాగా తెలుసు.

కనుక ప్రతి మస్జిదు కమిటీకి నా మనవి ఇది. నమ్మకస్తులైన ఇద్దరు పెద్దలు, స్త్రీలతో మాట్లాడటానికి ఒక సోదరి కలిసి, గుట్టుగా అప్పుల వివరం తెలుసుకోవాలి. ప్రామిసరీ నోటు, కుదువ చీటీ, వారపు కంతుల పుస్తకం చూడాలి. ఒక్కరికి ఎంత ఇవ్వవచ్చో ఉలమాను అడగాలి. భార్యాభర్తలిద్దరి ఎదుట సొమ్ము అందించాలి. అప్పు తీరిన రోజున నోటు తిరిగి తీసుకునేటట్లు చూడాలి. ఫోటో వద్దు, పేరు చదవడం వద్దు. పింఛనుకు అర్హత ఉండి కూడా కాగితాలలో పేరు తేడా వల్ల ఆగిపోయినవారి దరఖాస్తులు కూడా ఆ కమిటీయే వ్రాసిపెట్టాలి. ప్రభుత్వం ఇవ్వవలసినది హక్కుగా అడుగుదాం. జకాత్‌ను ఆ హక్కుకు బదులుగా చూపి ఎవరి నోరూ మూయించనివ్వకూడదు.

నగదు వానలు కురిపించదు, జబ్బులను ఆపదు. కాని వడ్డీ కట్టే తేదీ లేని నెల ఎలా ఉంటుందో ఆ ఇంటి ఇల్లాలికి తెలియజేస్తుంది. వచ్చే రంజాన్ నాటికి ఈ ప్రాంతంలోని ప్రతి మస్జిదు కనీసం ఒక్క ఇంటికైనా అటువంటి నెలను చూపించాలని కోరుతూ, అల్లాహ్ మన అందరి సంపాదనలోనూ శుభం ప్రసాదించాలని వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.