అంచు దగ్గర పుట్టిన యంత్రం: సర్ క్రిస్టొఫర్ కాకరెల్ స్మారకోపన్యాసం

కాకరెల్ పేరు వినగానే హోవర్‌క్రాఫ్ట్‌ను కనిపెట్టినవారు అన్న ఒక్క ముక్క గుర్తుకొస్తుంది. అది నిజమే గాని, అసలు పని ఎక్కడ జరిగిందో అందులో కనిపించదు. గాలి మీద వాహనాన్ని తేల్చాలన్న ఊహ ఆయన కంటే చాలా పాతది. 1716లోనే స్వీడన్‌లో స్వీడెన్‌బోర్గ్ అలాంటి యంత్రాన్ని కాగితం మీద గీశారు. 1870లలో ఆంగ్ల నౌకానిర్మాత జాన్ థార్నిక్రాఫ్ట్ ఓడ అడుగుకూ నీటికీ మధ్య గాలి నింపితే రాపిడి తగ్గుతుందని పేటెంట్లు తీసుకున్నారు. 1915లో ఆస్ట్రియా నౌకాదళం ఒక పడవను కట్టి చూసింది. 1930లలో సోవియట్ దేశంలో లెవ్కోవ్, ఫిన్లాండులో కారియో నడిచే యంత్రాలే తయారు చేశారు. ఇంతమంది తర్వాత వచ్చిన మనిషికి ఆద్యుడన్న గౌరవం ఎందుకు దక్కాలి? గాలి దిండుకు ప్రాణం దాని అంచులో ఉందని గుర్తించి, ఆ అంచునే ఒక యంత్రంగా చూసినందుకు దక్కాలని నా వాదన.

అడుగున గాలి నింపడం ఎప్పుడూ పెద్ద సమస్య కాదు, నిలపడమే సమస్య. అల వచ్చి పడవ ఒక పక్కకు ఒరిగితే చాలు, పైకి లేచిన పక్కనుంచి గాలంతా పోతుంది. పోయినదాన్ని పూడ్చడానికి ఎంత బలమైన ఫ్యాను పెడితే అంత బరువు పెరుగుతుంది. తేలికైన ఇంజన్లు వచ్చాయి గనుకే హోవర్‌క్రాఫ్ట్ సాధ్యమైందని కొందరంటారు. అందులో సగం నిజముంది. కానీ లెవ్కోవ్ దగ్గర విమాన ఇంజన్లున్నాయి, ఆయన పడవలు మంచి వేగంతో పరుగెత్తాయి కూడా. రెండు నిలువు పక్కల మధ్య గాలిని బంధించే రూపం ఆయనది. ఇంజను శక్తి పెరిగినా, చుట్టూరా అంచును ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం అక్కడే నిలిచిపోయింది.

కాకరెల్ 1910లో కేంబ్రిడ్జ్‌లో పుట్టారు. ఇంజనీరింగు చదివి, 1935 నుంచి 1951 దాకా మార్కోనీ కంపెనీలో రేడియో దిశానిర్దేశక పరికరాల మీద పనిచేశారు. ఆ తర్వాత చిన్న పడవల వ్యాపారంలోకి దిగారు. పడవకు నీరు పెట్టే అడ్డును ఎలా తగ్గించాలన్నదే అక్కడ ఆయనను పట్టుకున్న ప్రశ్న. 1955లో పెద్ద డబ్బాలో చిన్న డబ్బా అమర్చి, రెండింటి మధ్య సన్నని సందులోంచి గాలిని కిందికి ఊదించి, అది వంటింటి త్రాసును ఎంత బలంగా నొక్కుతుందో చూశారు. ఒక్క డబ్బాలోంచి ఊదినప్పటికంటే ఆ వలయంలోంచి ఊదినప్పుడు ఒత్తిడి బాగా ఎక్కువగా వచ్చింది. కారణం సూక్ష్మమైనది. అంచు చుట్టూ లోపలివైపు వంచి వదిలిన గాలిని, అడుగున పెరుగుతున్న పీడనం బయటికి మళ్లిస్తుంది. అలా మళ్లడానికి పట్టే బలమే లోపలి గాలికి గోడ అవుతుంది. గాలితో గాలికే గోడ కట్టడం! 1955 డిసెంబరు 12న ఆయన పేటెంటుకు దరఖాస్తు చేశారు. సైన్యం దాన్ని రహస్యాల జాబితాలో పెట్టింది గాని, పైసా పెట్టలేదు. చివరకు ప్రభుత్వ పరిశోధనాభివృద్ధి సంస్థ డబ్బు సమకూర్చగా సాండర్స్‌రో కంపెనీ ఎస్‌.ఆర్‌.ఎన్‌.1 అనే హోవర్‌క్రాఫ్ట్‌ను నిర్మించింది. 1959 జూన్ 11న అది ఇంగ్లండులోని కౌస్‌లో లోకానికి కనిపించింది. జులై 25న, బ్లెరియో విమానంలో ఇంగ్లిష్ చానల్ దాటి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, కలే నుంచి డోవర్‌కు చానల్ దాటింది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. ఆ తొలి యంత్రం తేలింది జానెడెత్తున. ఓ మోస్తరు అల వస్తే అడుగు నీటికి కొట్టుకునేది. దాన్ని సముద్రానికి పనికొచ్చేలా చేసింది అంచుకు వేలాడదీసిన రబ్బరు స్కర్ట్. ఆ ఆలోచన సెసిల్ లాటిమర్‌నీడమ్‌ది. అంచు పొడవునా విడివిడి వేళ్లలా వేలాడే రూపం డెనిస్ బ్లిస్‌ది. స్కర్ట్ వచ్చాక గాలి గోడ అవసరమే క్రమంగా పోయింది. అలాంటప్పుడు కాకరెల్ ఘనత ఎంత మిగిలింది? చాలానే మిగిలిందని నా అభిప్రాయం. స్కర్ట్ జవాబిచ్చిన ప్రశ్న ఆయన వేసిందే. వేళ్ల స్కర్ట్‌లో ప్రతి వేలూ తన ముందున్న అలకు తానే వంగుతుంది. ఒకటి చిరిగితే పక్కవి ఉబ్బి ఆ ఖాళీని కమ్ముకుంటాయి. అంచు గట్టి గోడ కానక్కర్లేదు, గాలిని పట్టి ఉంచుతూనే అలకు లొంగాలన్న సూత్రం ఇక్కడ పూర్తిరూపం దాల్చింది. అయితే బ్లిస్, లాటిమర్‌నీడమ్‌ల పేర్లు పాఠ్యపుస్తకాల్లో లేకపోవడం అన్యాయం. ఈ స్మారకసభలోనే ఆ మాట అనాలి.

తేలడం సగం పని. మిగతా సగం చలనాన్ని అదుపు చేయడం, నా దృష్టిలో అదే ఎక్కువ కష్టమైనది. రోడ్డు మీది చక్రానికి రాపిడి ఉంది, నీటిలోని పడవకు పక్కకు జారనివ్వని నీటి అడ్డు ఉంది. హోవర్‌క్రాఫ్ట్ గొప్పతనం రాపిడి లేకపోవడమే, ప్రమాదమూ అదే. ముక్కు తిప్పినా ఒళ్లు పాత దారినే జారుతుంది, పక్కగాలి వీస్తే కొట్టుకుపోతుంది. తొలి చానల్ ప్రయాణంలో సమతూకం కోసం కాకరెల్ స్వయంగా డెక్ మీద అటూ ఇటూ కదులుతూ తన బరువునే వాడారు. తర్వాతి యంత్రాల్లో ఆ పని రకరకాల ఏర్పాట్లు చేపట్టాయి. గాలి దిండును గదులుగా విడదీశారు. ఒరిగిన పక్క గదిలో పీడనం పెరిగి వాహనాన్ని తిరిగి నిలబెడుతుంది. కొన్నింటిలో స్కర్ట్‌నే కొద్దిగా పక్కకు లాగి, వాహనం మలుపులోకి వాలేట్టు చేశారు. 1968లో చానల్ మీద ప్రయాణికుల సేవ మొదలుపెట్టిన ఎస్‌.ఆర్‌.ఎన్‌.4లో నాలుగు ప్రొపెల్లర్లు తిరిగే స్తంభాల మీద ఉండేవి. ఒక్కో గ్యాస్ టర్బైను ఒక ప్రొపెల్లర్‌నూ, ఒక లిఫ్ట్ ఫ్యానునూ కలిపి తిప్పేది. రెక్కల కోణం మార్చి ముందుకు తోసే బలాన్ని పెంచడం, తగ్గించడం, వెనక్కి తిప్పడం చేసేవారు. ఇంత చేసినా 1985 మార్చి 30న డోవర్ రేవు దగ్గర బలమైన గాలిలో ప్రిన్సెస్ మార్గరెట్ అనే ఎస్‌.ఆర్‌.ఎన్‌.4 అలల అడ్డుగోడను ఢీకొంది, నలుగురు చనిపోయారు. అదుపు సమస్య పూర్తిగా తీరిందని అప్పటికీ ఎవరూ చెప్పగలిగే స్థితి లేదు.

హోవర్‌క్రాఫ్ట్ ఓడిపోయిన ఆవిష్కరణ అన్నది మరో అభ్యంతరం. 1994లో చానల్ సొరంగం తెరుచుకుంది, 2000 అక్టోబరులో ఎస్‌.ఆర్‌.ఎన్‌.4లు ఆగిపోయాయి. ఇంధన ఖర్చు, చెవులు చిల్లులుపడే హోరు, పెద్ద అలల ముందు నిస్సహాయత, ఇవన్నీ నిజమే. కానీ లోతైన రేవు ఉన్నచోట ఓడతో పోటీ పెట్టి దాన్ని కొలవడం సరికాదు. ఇంగ్లండు దక్షిణ తీరంలో సౌత్‌సీ, రైడ్ మధ్య 1965లో మొదలైన హోవర్‌క్రాఫ్ట్ సేవ ఇంకా నడుస్తోంది. పోటు తగ్గినప్పుడు రైడ్ దగ్గర ఇసుక మేటలు బయటపడతాయి, అక్కడ మామూలు ఓడ ఒడ్డుదాకా రాలేదు. మన తీర రక్షక దళం హల్దియాలో, మండపంలో హోవర్‌క్రాఫ్ట్‌లు ఉంచుకోవడం కూడా లోతులేని నీళ్ల కోసమే. నీరు, నేల, బురద కలిసే చోట్లు ప్రపంచంలో తక్కువేమీ కాదు.

కాకరెల్ తర్వాతి పని కూడా ఈ దారిలోనిదే. 1970లలో ఇంధన సంక్షోభం వచ్చినప్పుడు ఆయన అలల నుంచి శక్తి తీసే తెప్పను రూపొందించారు. బల్లపరుపు తెప్పలను వరసగా కీళ్లతో కలిపితే, అల కింద సాగేకొద్దీ ఒకటి లేస్తుంది, ఇంకొకటి దిగుతుంది. కీలు దగ్గర పుట్టే ఆ కదలిక హైడ్రాలిక్ పంపులను నడుపుతుంది. ఇక్కడా ఆయన చూపు రెండు భాగాలు కలిసే చోటునే పట్టుకుంది. ముందు యంత్రంలో అలను తప్పించుకోవడానికి అంచును వాడారు, ఈ యంత్రంలో అలను పనిలో పెట్టడానికి కీలును వాడారు. సోలెంట్ జలసంధిలో నమూనాను పరీక్షించారు గాని, బ్రిటన్ ప్రభుత్వం 1980ల తొలినాళ్లలో అలల శక్తి పరిశోధనకు నిధులు కోసేసింది. అయినా ఆ ఆలోచన పోలేదు: 2004లో స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల దగ్గర పెలమిస్ అనే యంత్రం సముద్రపు అలల నుంచి విద్యుత్తు తీసి గ్రిడ్‌కు పంపింది. దాని పొడవాటి గొట్టపు భాగాలు కూడా కీళ్లతో కలిసినవే, ఆ కీళ్ల దగ్గరి కదలికే హైడ్రాలిక్ సిలిండర్లను నెట్టేది.