గణో నుంచి పెన్ స్టాండ్ దాకా

(సేవాలాల్ జయంతి సభలో మా కుట్టు బృందం చేసిన ప్రసంగ పాఠం)



ఈ బల్ల మీద మేం పెట్టినవి చూస్తున్నారు కదా. పూసలు కుట్టిన పెన్ స్టాండ్లు, ఎర్రరాయి పొదిగిన పేపర్ వెయిట్లు, అంచుకు గవ్వలు వేలాడే కార్డు పెట్టెలు. "ఆఫీసు టేబుల్ మీద పెట్టుకునే వస్తువుల్లో మన గోర్ సంస్కృతి ఏముంది?" అని కొందరు పెద్దలు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే మాట్లాడుతున్నాం.

ఈ పెన్ స్టాండు అడుగున గుండ్రటి కట్టు చూడండి. అది మన గణో. తల మీద బిందె కదలకుండా నిలబెట్టే చుట్టకుదురు. మన ఆడవాళ్లు దాన్ని వట్టి గుడ్డచుట్టగా వదల్లేదు. రంగుదారం చుట్టి, గవ్వలు కుట్టి, పెళ్లికి ఎత్తుకునే అందం చేశారు. పనికొచ్చే వస్తువునే అందంగా చేయడం మన పద్ధతి. నిన్న బిందెను నిలబెట్టిన గణో ఈరోజు పెన్నులను నిలబెడుతోంది. అంతే తేడా.

మన బట్టల మీదికి గవ్వ ఎలా వచ్చిందో కూడా తెలుసుకోండి. గవ్వలు ఎక్కువగా మాల్దీవుల సముద్రం నుంచి వచ్చేవి. ఒకప్పుడు అవి డబ్బుగా చెల్లేవి. మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ దేశమంతా తిరిగిన వర్తకులు. ఫేటియా మీద, కాంచళి మీద కనబడే గవ్వల వెనక ఆ ప్రయాణం ఉంది.

ఇప్పుడు మా తప్పు చెబుతాం. మొదటి విడతలో ఒక దాది తన పాత ఫేటియా మాకిచ్చింది. దాని అంచును కోసి ఎనిమిది పెన్ స్టాండ్లకు అతికించాం. ఒక్కరోజులో అమ్ముడుపోయాయి. సంతోషంగా వెళ్లి దాదికి చెప్పాం. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది మా యాడి కుట్టింది. చూసి నేర్చుకుంటారని ఇచ్చిన. ముక్కలు చేసిన్రు. మళ్ల కలుపుతరా?" అంది.

మా దగ్గర జవాబు లేదు. పాత బంజారా బట్టలను కోసి సంచులు, దిండు గలీబులు చేసి అమ్మే వ్యాపారం పెద్ద ఊళ్లలో నడుస్తూనే ఉంది. మేమూ అదే చేశాం. ఆ రోజు నుంచి మాకు ఒకటే కట్టుబాటు: పాతది కోయం. పాతదాన్ని ఫోటో తీస్తాం, కుట్టు పేరు రాసుకుంటాం, కొత్త గుడ్డ మీద కుడతాం.

సరుకు గురించి రెండు మాటలు. గాజుపూస కొనేటప్పుడు చెంపకు ఆనించి చూడండి. గాజు చల్లగా, బరువుగా ఉంటుంది. ప్లాస్టిక్ తేలిగ్గా ఉంటుంది, చల్లదనం తగలదు. గాజుపూసలకు దూరం పోనక్కర్లేదు, శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేట ఆ పనికి పేరున్న ఊరు. మా పేపర్ వెయిట్ల మీది ఎర్రరాయి హకీకు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఈ రాళ్లను కాల్చి రంగు తేల్చి, సానబట్టి పూసలు చేస్తారు. అసలు హకీకు గాజును గీస్తుంది. గాజును గీయలేని రాయిని హకీకు అని అమ్మితే అది కొనేవాళ్లను మోసం చేయడమే.

ధర దగ్గర మనవాళ్లు సిగ్గుపడతారు. ఒక పెన్ స్టాండుకు రెండు రోజులు పడితే రెండు రోజుల కూలీ లెక్కకట్టండి. దాని మీద పూసలు, దారం, గుడ్డ, బస్సు ఖర్చు కలపండి. 150 రూపాయలకు అడిగితే, "మా దాది రెండు రోజుల పని అది" అని మర్యాదగా చెప్పండి. బేరం తెగకపోతే వెనక్కి తెచ్చుకోండి. కుట్టినామె పేరు చీటీ మీద రాసి వస్తువుకు కట్టండి. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు వాళ్లది, మనం వాడుకోకూడదు. మన పనికి మన తండా పేరే పెట్టుకుందాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది ఆడవాళ్ల పని అని పక్కకు జరగకండి. మా బృందంలో మగపిల్లలూ సూది పట్టారు. ఈ సెలవుల్లో మీ దాది పక్కన కూర్చుని ఒక్క కుట్టు నేర్చుకోండి. దాన్ని గోర్‌బోలిలో ఏమంటారో అడిగి రాసుకోండి. దాది కళ్లకు సూదిబెజ్జం కనబడుతున్నప్పుడే ఈ పని జరగాలి.

ఆ ఎనిమిది ముక్కలు ఎవరి టేబుళ్ల మీద ఉన్నాయో మాకు తెలియదు. ఆ అంచును దాది ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటూ కొత్త గుడ్డ మీద కుట్టిస్తోంది. సగం అయింది. మిగతా సగానికి మీరూ రండి.

జై సేవాలాల్!