మన రిజిస్టరు మన చేతిలో ఉందా?



మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు చెంచు గూడేల్లో, సుగాలి తండాల్లో అటవీ హక్కుల దరఖాస్తులు రాసిపెట్టే మీకే ఈ మాటలు చెప్తున్నా.

పల్నాడు షెడ్యూల్డ్ ఏరియాలో లేదు. అయినా 2006 అటవీ హక్కుల చట్టం మనకి వర్తిస్తుంది. గ్రామసభ తీర్మానం మీదగానీ, సబ్ డివిజన్ కమిటీ నిర్ణయం మీదగానీ అభ్యంతరం ఉంటే, ఆ తేదీ నుంచి 60 రోజుల్లో పై కమిటీకి పిటిషన్ పెట్టాలి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తు తిరస్కరించిన వాళ్లని అడవి నుంచి ఖాళీ చేయించమంది. అదే నెల 28న ఆ ఉత్తర్వుని ఆపి, ఏ పద్ధతిలో తిరస్కరించారో చెప్పమని రాష్ట్రాల్ని అడిగింది. రేపు ఎవరైనా మనల్ని అదే అడిగితే, చూపించడానికి మన దగ్గర ఏముంది?

అందుకే డేటాబేస్. భయపడే మాటేం కాదు, వరుసలూ గడులూ ఉన్న రిజిస్టరే. ఊరు, ఫారం ఏ, బి, సి ల్లో ఏది, ఇచ్చిన తేదీ, రసీదు, నిర్ణయం, కారణం, 60 రోజుల గడువు తేదీ. ఇవి చాలు.

ఇక ఏది వాడాలి? కంపెనీలు ఒకే సాఫ్ట్‌వేర్‌ని రకరకాల ఎడిషన్లుగా ఇస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 ఎక్స్‌ప్రెస్ ఉచితం, కానీ ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ హద్దు. మైఎస్‌క్యూఎల్‌కి ఉచిత కమ్యూనిటీ ఎడిషన్, డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఉచితం. ఎస్‌క్యూలైట్‌కైతే సర్వరే అక్కర్లేదు, అంతా ఒక్క ఫైలు. ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు పడతాయి. మన తండాల దరఖాస్తులన్నీ కలిపినా అందులో ఓ మూలకి సరిపోవు. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ కాల్క్‌తో మొదలుపెట్టండి.

విశ్లేషణ సాధనాలూ అంతే. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితమే, కానీ ఆ రిపోర్టుని ఆన్‌లైన్‌లో నలుగురికి పంచాలంటే మామూలుగా డబ్బు కట్టే లైసెన్సు కావాలి. మనకి కావల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ నెలలో ఎవరి గడువు ముగుస్తోంది? దానికి కాల్క్‌లో ఒక ఫిల్టరు చాలు. భూమి పటం కావాలంటే క్యూజీఐఎస్ ఉచితం.

ఎవరైనా పెద్ద ప్లాట్‌ఫాం తెస్తే మూడు అడగండి. మా వివరాలన్నీ సీఎస్‌వీ ఫైలుగా ఒక్కరోజులో బయటికి తీసుకోవచ్చా? తెలుగు అక్షరాలు చెడకుండా వస్తాయా? పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటుంది? జవాబు నచ్చకపోతే వద్దనండి.

ఇంకో మాట. ఆధార్ నంబర్లు షీటులో ఎక్కించొద్దు. లింకు ఉన్న ప్రతివాడికీ తెరుచుకునేలా పెట్టొద్దు. అటవీ హక్కుల కమిటీ సంతకాలున్న కాగితం రిజిస్టరుని పారేయొద్దు, అసలు సాక్ష్యం అదే.

ఈ రాత్రే మీ తండా నుంచి పది దరఖాస్తులు ఎక్కించండి. గడువు తేదీ గడి ఖాళీగా ఉన్న ప్రతి ఇంటికీ రేపు పొద్దున్నే వెళ్లి ఆ కాగితం అడగండి.

జోహార్.